అరబ్బీ విద్యార్థుల ఆంగ్ల తరగతి: జట్టుపనితో ఏది వస్తుంది, ఏది రాదు

ఆంగ్ల తరగతిలో పిల్లల్ని నలుగురైదుగురి చొప్పున జట్లుగా కూర్చోబెడితే భాష తొందరగా పట్టుబడుతుందని ఉపాధ్యాయ శిక్షణల్లో తరచూ చెబుతుంటారు. మాతృభాష అరబ్బీ అయిన విద్యార్థుల విషయంలో దీనికి కొంత ఆధారం ఉంది. కాకపోతే అది అన్ని నైపుణ్యాలకూ ఒకేలా వర్తించదు.

లెబనాన్ ఉన్నత పాఠశాల విద్యార్థులు 56 మందిపై పరిశోధకుడు ఘాజీ ఘైత్ చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. జట్టు పద్ధతిలో నేర్చుకున్నవారు ఆంగ్లం చదివి అర్థం చేసుకోవడంలో మిగతావారిని మించారు. చదువు విషయంలో తమపై తమకున్న గౌరవంలో గానీ, బడి పరాయిదనే భావనలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నమూనా చిన్నది కనుక మొదటి ఫలితాన్ని కూడా ఆచితూచే తీసుకోవాలి.

ఉచ్చారణ దగ్గరకొచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. అరబ్బీలో 'ప' ధ్వని లేదు. అందుకే 'పార్క్' చాలామంది నోట 'బార్క్' అవుతుంది. జట్టులో నలుగురిదీ అరబ్బీయే అయితే ఆ 'బార్క్' అందరికీ అర్థమైపోతుంది, 'ఏమన్నావు?' అని అడిగేవాళ్లుండరు. వాక్యాల్లోనూ అంతే. 'ఈజ్' వదిలేసి 'హీ టీచర్' అంటే అరబ్బీ చెవికి లోటేమీ తోచదు. 'ఆయన టీచర్' అనే మనకూ తోచదు కదా!

ఒకరి మాట ఒకరికి అందక, మళ్లీ అడిగి సరిచేసుకునే సందర్భాలు వేర్వేరు మాతృభాషల వాళ్ల మధ్యే ఎక్కువని పరిశోధకులు వరోనిస్, గాస్ 1985లో చూపారు. ఒకే మాతృభాష వాళ్లు కలిస్తే ఉచ్చారణ తమ భాష వైపే జరుగుతుందని ఉచ్చారణ పరిశోధకురాలు జెనిఫర్ జెంకిన్స్ 2000లో రాశారు. జట్టుపని మేలు గురించిన వాదనలో పెద్ద భాగం ఈ సరిచేసుకోవడం మీదే నిలబడింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల తరగతికి ఆ వాదనను యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటే.

అలాగని జట్లను రద్దు చేయనక్కర్లేదు, పని మార్చాలి. ఒక విద్యార్థి చేతిలో మాటల జాబితా: 'పేర్' (pear), 'బేర్' (bear). ఎదుటివాడి కాగితంపై పండు బొమ్మ, ఎలుగుబంటి బొమ్మ. విన్న వరుసలో అంకెలు వేయాలి. 'ప' పలక్కపోతే అంకెలు తారుమారవుతాయి, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. ఇక్కడ సందర్భాన్ని బట్టి ఊహించుకునే వీలుండదు. అప్పుడు కూడా సరైన ధ్వని వినిపించాల్సింది ఉపాధ్యాయుడో, రికార్డింగో.

పనితో పాటు జట్టు నడిచే తీరూ ముఖ్యమే. జట్టుకొక ఉమ్మడి లక్ష్యం, దాంతోపాటు ఒక్కొక్కరికీ విడిగా జవాబుదారీ ఉన్నచోటే ఫలితాలు బాగున్నాయని జట్టు అభ్యసనంపై పరిశోధకుడు రాబర్ట్ స్లావిన్ సమీక్షలు చెబుతున్నాయి. చురుకైన ఒక్కడు రాసి నలుగురి పేర్లూ పెట్టే జట్టును ఈ లెక్కలో వేయలేం.

ఈ రంగంలో పరిశోధన చేసేవారికి ఒక మనవి: పఠనం, సంభాషణ, ఉచ్చారణ మార్కుల్ని ఒకే సగటులో కలపకండి. ఏ జట్టులో ఎవరి మాతృభాష ఏదో తప్పక నమోదు చేయండి.