వాలిన మణికట్టు

కడోదరా చౌరస్తా దాటి జీఐడీసీ వైపు మళ్లితే రాత్రీ పగలూ సాంచాల (మరమగ్గాల) చప్పుడే. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపు నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు బతుకుదెరువుకు సూరత్ చేరాయి. ఆయనా అలా వచ్చినవాడే. పేరు రాయను. కార్ఖానాలో తెలుగు పిల్లలంతా మామా అని పిలిచేవారు.

పోగు అతకడంలో మామకు సాటి లేదు. పడుగులో పోగు తెగిందంటే సాంచా ఆపి, రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్క మెలిక తిప్పేవాడు. ముడి పడిపోయేది, గుడ్డ మీద జాడ కనిపించేది కాదు. మీటరు లెక్కన కూలి ఇచ్చే చోట సాంచా ఆగిన ప్రతి నిమిషం కూలికి కోతే. అందుకే కొత్తవాళ్లను తెచ్చి ఆయన పక్కన నిలబెట్టేవారు. ఆ వేళ్ల మీదే బిడ్డ పెళ్లి చేశాడు, ఊళ్లో ఇంటికి స్లాబు పోశాడు.

ఒక రాత్రి షిఫ్టులో చొక్కా చెయ్యి బెల్టుకు చిక్కింది. కుడి జబ్బ ఎముక నడిమికి విరిగింది.

రేడియల్ నరం సరిగ్గా అక్కడే ఎముకను వెనక నుంచి చుట్టి, దాన్ని ఆనుకుని కిందికి దిగుతుంది. ఆ ఎముక నడుమ విరిగినవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరికి ఈ నరం దెబ్బతింటుంది. ఇక మణికట్టు లేవదు, వేళ్లు చాచుకోవు, బొటనవేలు తెరుచుకోదు. వేళ్లు ముడిచే కండరాలు బాగానే ఉన్నా, మణికట్టు వాలితే పిడికిలికి పట్టు చిక్కదు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుందే తప్ప నరం కనిపించదు. చెయ్యి కదిలించి చూడాల్సిందే.

మామ చెయ్యిని ఎవరూ కదిలించి చూడలేదు. కట్టు వేసినాయన వెదురు బద్దలు పెట్టి బిగించాడు. మణికట్టు వేలాడుతోందంటే, ఎముక అతికితే అదే లేస్తుందన్నాడు. ఎముక అతికింది. మణికట్టు లేవలేదు.

నా కడుపు తరుక్కుపోయేది ఇక్కడే. ఇలా దెబ్బతిన్న నరాల్లో పదింట ఏడు వాటంతటవే కోలుకుంటాయి. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, జానెడు దూరం సాగడానికి ఆరేడు నెలలు. మూడు నాలుగు నెలలు చూసినా కదలిక మొదలవకపోతే ఆపరేషన్ చేసి నరం సంగతి తేల్చాలి. ఏడాదిన్నర దాటాక నరం వచ్చి చేరినా కండరం దాన్ని అందుకోలేదు. మామ పెద్దాసుపత్రి మెట్లు ఎక్కేసరికి రెండేళ్లు దాటాయి. పనిలో దెబ్బతిన్నవాళ్లు పరిహారం కోరడానికి 1923 నాటి చట్టం ఇచ్చిన గడువూ ప్రమాదం నుంచి ఆ రెండేళ్లే. గడువు మిగిలి ఉన్నా చూపడానికి ఏముంది? హాజరు పుస్తకంలో ఆయన పేరే లేదు.

అప్పటికీ ఒక దారి ఉంది. ముంజేతి లోపలివైపు పనిచేస్తున్న కండరాల కొసలను వెనక్కి మళ్లించి కుడితే మణికట్టు మళ్లీ లేస్తుంది. మళ్లీ నెలల తరబడి పని మానాలంటే ఆయనకు ధైర్యం చాలలేదు. కొన్నాళ్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. చాయ్ గ్లాసు అందుకోవాలంటే ఎడమ చేత్తో కుడి మణికట్టును కింద నుంచి ఎత్తిపట్టేవాడు. ఆయన దగ్గర నేర్చిన పిల్లలు అది చూడలేక తల తిప్పుకునేవారు. చివరికి ఊరికి వెళ్లిపోయాడు. భార్య చుట్టే బీడీలతో ఇల్లు గడిచింది.

సాంచాల మీద పనిచేసే అన్నలారా, తమ్ముళ్లారా! జబ్బ విరిగినవాడిని కట్టుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మణికట్టు ఎత్తమని అడగండి. ఎత్తలేకపోతే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రమాదం జరిగిన తేదీ, చోటు కాగితం మీద రాయించి దాచుకోండి.