అనంతపురం సీమలో కచేరీ భాషలు

నేటి అనంతపురం ప్రాంతంలో ఇంగ్లిషు చదువు ఎంత చిన్నగా మొదలైందో తెలియడానికి 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికను మించిన ఆధారం లేదు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించడం వల్ల దత్తమండలాలుగా పేరుపడిన భూభాగంలో బళ్ళారి ఒక జిల్లా కాగా, అనంతపురం 1882లో దాని నుంచి విడివడే దాకా అందులోనే ఉంది. గవర్నరు థామస్ మన్రో 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా జరిపించిన చదువుల విచారణకు జవాబుగా రాసిన ఆ నివేదిక ప్రకారం, 9,27,857 మంది జనాభా గల జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు, అంటే వెయ్యి మందికి ఏడుగురు చొప్పున ఉండేవారు. మొత్తం మీద ఆడపిల్లలు అరవై మందే. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారశీకానివి 21, తమిళానివి 4 ఉండగా, బ్రాహ్మణులకు మాత్రమే ప్రవేశమున్న సంస్కృత పాఠశాలలు 23 ఉన్నాయి. ఇంగ్లిషు చెప్పే బడి ఒకే ఒక్కటి.

ఈ లెక్కలో ఆ ఒక్క ఇంగ్లిషు బడి కంటే మరాఠీ, పారశీక బడులే ఎక్కువ ఆలోచింపజేస్తాయి. జిల్లాలో పొలం దున్నేవారికీ మగ్గం నేసేవారికీ ఆ రెండు భాషలతో ఇంట్లో పని లేదు. అవి కచేరీ భాషలు, అంటే పన్ను లెక్కలు, ఫర్మానాలు, అర్జీలు నడిచే భాషలు. బిజాపురం, గోల్కొండ సుల్తానుల నాటి నుంచి మొగలుల, నిజాముల పాలన దాకా పారశీకం దొరతనపు భాషగా నిలవగా, పద్దెనిమిదో శతాబ్దిలో మురారిరావు ఘోర్పడే గుత్తి కోట నుంచి ఏలిన దశాబ్దాలలో మరాఠీ బలపడింది. లెక్కలు రాయడంలో చేయి తిరిగిన దేశస్థ బ్రాహ్మణులు కంపెనీ వచ్చాక కూడా ఆ కొలువుల్లో కొనసాగారు. ఏటా రైతు చెల్లించవలసిన శిస్తును తేల్చే జమాబందీ, దాన్ని వాయిదాల్లో కట్టే కిస్తు, ఊరి దస్తరం, తహసీలు అన్నవి ఆ రోజుల్లో రైతు నోటికి అలవాటైన పరాయి మాటలే. కనుక ఇంగ్లిషును ఈ నేల మీద వాలిన మొట్టమొదటి పరాయి భాషగా చూడడం పొరపాటు. కొలువు కోసం పరభాష నేర్చే అలవాటు అంతకు ముందే ఉంది, ఇంగ్లిషు వచ్చి ఆ పాత పీట మీదే కూర్చుంది.

ఆనాటి వీధిబడి పద్ధతిని క్యాంబెల్ శ్రద్ధగానే వర్ణించాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద తరగతివాడు చిన్నవాడికి చెప్పడం ఆయనకు నచ్చాయి. పద్యాలను అర్థం తెలియకుండా చిలకల్లా వల్లె వేయడం నచ్చలేదు. తర్వాతి నూరేళ్ళలో ఇంగ్లిషు వ్యాకరణమూ ఇంగ్లిషు పద్యాలూ సరిగ్గా ఆ వల్లెవేత దారినే పిల్లల తలకెక్కాయని తలచుకుంటే, దొరగారి విమర్శ దొరల బడికే ఎక్కువ తగిలినట్టు కనిపిస్తుంది. బడులు చిక్కిపోవడానికి ఆయన చెప్పిన కారణం ఇంకా గట్టిది: సీమ నూలుబట్టల దిగుమతితో నేతగాళ్ళ బతుకు దెబ్బతిన్నదనీ, దేశమంతా పేదరికంలోకి జారుతున్నందున తల్లిదండ్రులు పిల్లలను చేతులు కాస్త గట్టిపడగానే పనికి పంపుతున్నారనీ కంపెనీ ఉద్యోగి అయి ఉండి ఆయన రాశాడు. ఈయనే 1816లో, మద్రాసు సెయింట్ జార్జి కోట కళాశాలలో చదివే తెల్లదొరల కోసం తెలుగు వ్యాకరణం అచ్చువేయించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించిన ప్రసిద్ధ వ్యాసం ఆ గ్రంథం ముందుమాటకు అనుబంధంగానే వెలువడింది. ఈ సీమలో ఇంగ్లిషు బడి ఒక్కటే ఉన్న రోజుల్లో తెల్లవారే తెలుగు నేర్చుకోవలసి వచ్చింది.

క్రమంగా ఆ అవసరం తిరగబడింది. 1810లో లండన్ మిషన్ తరఫున జాన్ హ్యాండ్స్ వచ్చి స్థిరపడిన బళ్ళారి, దండు కూడా ఉన్నందున, ఇంగ్లిషు చదువుకు కేంద్రమైంది. అనంతపురం, తాడిపత్రి, ధర్మవరం పిల్లల్లో స్థోమత ఉన్నవారు అక్కడికో మద్రాసుకో వెళ్ళేవారు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని పరీక్ష గుమాస్తా కొలువుకు తలుపు అయింది. బడి మొహం చూడని వారికి మాత్రం ఇంగ్లిషు రైలు వెంట వచ్చింది. మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగిన ఇనుపదారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. గార్డు, సిగ్నలు, టిక్కెట్టు అన్న మాటలు పలక పట్టని కూలీల నోట కూడా పలికాయి. ఆ తర్వాత అయిదేళ్ళకు, 1876లో వచ్చిన ధాత కరువు ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేలలో సేద్యాన్ని నమ్ముకోలేని కుటుంబం ఒక కొడుకునైనా జీతగాణ్ణి చేయాలనుకోవడం, ఆ జీతం ఇంగ్లిషు చేతిలో ఉండడం ఇక్కడ చదువు కథను తక్కిన తెలుగు జిల్లాల కథ నుంచి కొంత వేరు చేశాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇంగ్లిషు చదువు పంట మిగులు మీద పెరిగితే, ఇక్కడ పంట కొరత మీద పెరిగింది.

1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల తెరుచుకుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొద్దికాలం తత్త్వశాస్త్రం బోధించిన కళాశాలల్లో ఇదొకటి. పాఠాలు ఇంగ్లిషులో సాగినా, ఇక్కడ తయారైన మనుషులు తమ భాషకు దూరం కాలేదన్నది గమనించదగ్గది. ఇక్కడే తెలుగు ఉపన్యాసకుడిగా పనిచేసిన చిలుకూరి నారాయణరావు ‘ఆంధ్ర భాషాచరిత్రము’ రాశారు. 1928 నవంబరులో నంద్యాల మహాసభలో, ఎవరో ఎవరికో దానమిచ్చినట్టు ధ్వనించే ‘దత్తమండలాలు’ అన్న పేరుకు బదులు ‘రాయలసీమ’ను సూచించినదీ ఆయనే. ఇంగ్లిషును మింగి జీర్ణించుకున్న మరో ఉదాహరణ 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ. వృత్తికి వకీలు, కోర్టులో ఇంగ్లిషులో వాదించేవాడు. రంగస్థలం మీద తెలుగు, కన్నడ, ఇంగ్లిషు మూడింటా నటించాడు, ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిశాడు. ఆ బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రానికి పోవడంతో అనంతపురం తన పాత చదువుల ఊరిని పోగొట్టుకుంది.

ఇరవయ్యో శతాబ్ది చివరి పాదంలో కొలువు వెతుక్కునేవారి దారి బెంగుళూరు వైపు తిరిగింది. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్, ఆయన భార్య, ఆంగ్లేయురాలైన అన్నే ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, జనం నోట ఆర్.డి.టి., 2010ల ఆరంభంలో పట్టభద్రులైన పల్లె పిల్లల కోసం విదేశీ భాషల పాఠశాల తెరిచింది. ఇంగ్లిషుతో పాటు ఫ్రెంచి, జర్మను, స్పానిషు వంటి భాషలు నేర్పే ఈ బడికి వచ్చేవారిలో చాలామంది ఇంట్లో మొదటి తరం డిగ్రీ చదివినవారు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ పూర్తిచేసిన వారికి వ్యాకరణం కంటే ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడడమే కష్టం, ఎందుకంటే పెద్దల ముందు తలవంచుకోవడం మర్యాదగా నేర్చిన పిల్లలను ఇంటర్వ్యూ గదిలో అదే మర్యాద బెరుకున్నవారిగా చూపిస్తుంది. ఇలాంటి సంగతి పదకోశంలో దొరకదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక తరగతుల్లో ఇంగ్లిషు మాధ్యమాన్ని తప్పనిసరి చేయబోగా 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది; ఆ వివాదంలో పేద తల్లిదండ్రులు ఇంగ్లిషునే కోరుకున్నారన్న వాదనకు అనంతపురం వంటి జిల్లాల వలస అనుభవం బలమిచ్చింది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కొరియా సంస్థ కియా కార్ల ఉత్పత్తి మొదలుపెట్టాక కచేరీ భాషల వరుసలో ఇంకో పేరు చేరింది. 1565 తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న కోట నీడలో ఇప్పుడు హోటళ్ళ బోర్డుల మీద కొరియను లిపి కనిపిస్తుంది. అయితే కార్ఖానాలో తెలుగు కుర్రవాడూ కొరియా ఇంజనీరూ ఒకరి మాట ఒకరికి చేరవేసుకునేది తరచు ఇంగ్లిషులోనే. ఆ ఇద్దరిలో ఎవరికీ అది ఇంటిభాష కాదు, తప్పులు పట్టేందుకు మధ్యలో ఆంగ్లేయుడూ ఉండడు.