గూస్ బే విమానాశ్రయము

ఒక కట్టడమును గూర్చి చెప్పునప్పుడు కట్టించినవారిని తలతుము; మోసినవారిని మరతుము. అందుచేతనే నేనీ కథ చెప్పబూనితిని.

లాబ్రడార్ అను శీతలప్రాంతము నేడు కెనడాలోనిది. 1949కి పూర్వము న్యూఫౌండ్‌లాండునకు చెందియుండెను. 1941లో ప్రపంచయుద్ధము సాగుచుండగా, అమెరికాఖండమున తయారైన యుద్ధవిమానములు అట్లాంటిక్ సముద్రము దాటి బ్రిటనునకు పోవలసివచ్చెను. త్రోవలో దిగుటకు తావు కావలెను. మెల్విల్ సరస్సు కొనయందు, అడవి నడుమ, విశాలమైన ఇసుకమెట్ట యొకటి దొరకెను. కెనడా ప్రభుత్వమచట పని మొదలుపెట్టెను. బాటలు లేనందున సామగ్రి ఓడలపై వచ్చెను. ఆ యేటి డిసెంబరుకే విమానములు దిగెను.

ఉచ్చులొడ్డి తోళ్లమ్ముకొని బ్రతుకు కుటుంబములు కూలికై తీరమునుండి తరలివచ్చినవి. అయితే స్థావరము చెంత వారిని నివసింపనీయలేదు. 1942లో వారు కొన్ని మైళ్ల యవతల నదియొడ్డున ఇండ్లు వేసికొనిరి. ఆ పల్లెకు ‘రెఫ్యూజీ కోవ్’, అనగా శరణార్థుల రేవు, అని పేరు వచ్చెను. పిమ్మట దానినే ‘హ్యాపీ వ్యాలీ’, సుఖముల లోయ, అనిరి.

యుద్ధము 1945లో ముగిసినను సైనికవిమానములు పోలేదు. అవి అడవిపై మిక్కిలి తక్కువయెత్తున ఎగురుచుండగా, వేటపై జీవించు ఇన్నూ జాతివారు 1988లో రన్‌వేపై బైఠాయించి చెరసాలకు పోయిరి.

నేడచట ప్రయాణికుల విమానములును దిగుచున్నవి. ఆ సౌకర్యమును నేను కాదనను. కాని పరుల యుద్ధమునకై తమ నేల నిచ్చినవారిని ముందుగా అడిగినవారెవరు?