న్యూరోఎండోక్రైన్ గడ్డల స్కానింగ్: పుట్టుపూర్వోత్తరాలు

జీర్ణవ్యవస్థ వంటి చోట్ల హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టేవి న్యూరోఎండోక్రైన్ గడ్డలు. జీర్ణాశయం, పేగులు, క్లోమం, ఎక్కడైనా రావచ్చు. 1907లో జర్మన్ పాథాలజిస్టు సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్ వీటికి ‘కార్సినాయిడ్’ అని పేరుపెట్టి, ప్రమాదం లేనివని భావించాడు. కొన్ని ఇతర అవయవాలకు పాకుతాయని 1929లో ఆయనే ఒప్పుకున్నాడు. చాలావరకు ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. ఏళ్ల తరబడి గ్యాస్ అనో పేగు జబ్బు అనో మందులు వాడుతూ గడిపేవారున్నారు.

బేరియం ఎక్స్‌రేలో చిన్నపేగు గడ్డ తరచూ దొరికేది కాదు. 1970లలో సీటీ వచ్చాక కొంత మేలు జరిగింది. ఈ గడ్డలకు రక్తప్రసరణ ఎక్కువ. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అది ధమనుల్లో ఉండగానే చిత్రం తీస్తే కాలేయంలోని మచ్చలు తెల్లగా మెరుస్తాయి; కాస్త ఆలస్యమైతే చుట్టూ ఉన్న కాలేయంలో కలిసిపోతాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే చిన్న గడ్డలకు (ఇన్సులినోమా) ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అక్కరకొచ్చింది. ఇవన్నీ గడ్డ ఆకారాన్ని వెతికే పద్ధతులు.

అసలు మలుపు హార్మోన్ల ప్రయోగశాలలో వచ్చింది. 1973లో అమెరికాలో రోజర్ గిల్లెమిన్ బృందం సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను కనుగొంది. దాన్ని పట్టుకునే గ్రాహకాలు ఈ గడ్డల్లో చాలావాటి కణాల మీద దట్టంగా ఉంటాయి. అయితే ఆ హార్మోన్ రక్తంలో రెండు మూడు నిమిషాలకే విరిగిపోతుంది. ఎక్కువసేపు నిలిచే దాని కృత్రిమ రూపం ఆక్ట్రియోటైడ్ తయారయ్యాకే దారి తెరుచుకుంది. రోటర్‌డామ్‌లో ఎరిక్ క్రెనింగ్ బృందం దాని రూపాంతరానికి రేడియోధార్మిక అయోడిన్ తగిలించి, గడ్డల చిత్రాలను 1989లో ప్రకటించింది. ఇండియంతో చేసే ఆక్ట్రియోస్కాన్‌కు 1994లో అమెరికా అనుమతి వచ్చింది. దానికి సూది వేసిన రోజు ఒకసారి, మర్నాడు మరోసారి చిత్రాలు తీయాలి.

ఇప్పుడు ఆ స్థానం, ఆక్ట్రియోటైడ్ తరహా అణువుకు గాలియం తగిలించి తీసే గాలియం-68 డోటా పెట్-సీటీది. 2016లో అమెరికా అనుమతించిన ఈ స్కాన్ సూది వేసిన గంటకే మొదలవుతుంది, మరింత చిన్న గడ్డలనూ చూపిస్తుంది. గాలియం 68 నిమిషాలకు సగం తరిగిపోతుంది. హైదరాబాద్‌లో తీసిన మందు ఎనిమిది గంటలు ప్రయాణించి గోదావరి దాటి అమలాపురం చేరితే నూరోవంతు కూడా మిగలదు. అందుకే స్కాన్ చేసే చోటే, జెర్మేనియం నుంచి గాలియం తయారుచేసే జనరేటర్ ఉండాలి. అందులోని జెర్మేనియం సగానికి తగ్గడానికి 271 రోజులు పడుతుంది కాబట్టి నెలల తరబడి రోజూ గాలియం పిండుకోవచ్చు. గాలియం బదులు ఇదే అణువుకు లుటీషియం తగిలిస్తే వైద్యమవుతుంది. ఆ లుటీషియం ముంబయి ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లోనూ తయారవుతోంది.

అమలాపురం చుట్టుపక్కల రాజోలు, కొత్తపేట రోగికి కాలేయంలో మచ్చలు చాలాసార్లు మొదట కనిపించేది దగ్గర్లోని అల్ట్రాసౌండ్‌లోనే. సీటీ, బయాప్సీ తర్వాత న్యూరోఎండోక్రైన్ అని తేలితే డోటా స్కాన్ అవసరమా అని డాక్టరును అడగాలి. చికిత్సగా నెలకోసారి ఆక్ట్రియోటైడ్ సూది వేయించుకునేవారు ఆ తేదీని స్కాన్ కేంద్రానికి ముందే చెప్పాలి. తర్వాతి సూదికి కాస్త ముందు స్కాన్ తీయించుకుంటే మంచిది.