కొలతకూలి: వడ్డెరల లెక్క

ఉగాదినాడు మన పూర్వులను తలచుకొనుట వాడుక. ఈసారి వడ్డెరలను తలచెదము. కన్నడసీమలో చెరువులు త్రవ్వి, కట్టలు పోసిన చేతులలో ఈ తెలుగు చేతులు పెక్కు. ఇచ్చట వారిని భోవులనియు అందురు. మట్టిపనివారు మన్ను వడ్డెలు, రాతిపనివారు కల్లు వడ్డెలు.

వీరు జట్లుగా గుత్తపని పట్టుదురనియు, మగవారు త్రవ్వగా ఆడవారు తట్టలు మోయుదురనియు 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము తెలుపుచున్నది. రోజుకూలి విడిచి గుత్త ఏల? ఎంత త్రవ్విన అంత సొమ్ము; పొద్దు పొడవున మేస్త్రీ అదిలింపు లేదు. కాని ధర చెప్పుటలోనే ఉన్నది చిక్కంతయు. నేల ఇసుకయా, మొరమా? మన్ను ఎంత దూరము మోయవలెను? ఎంత ఎత్తున కెక్కింపవలెను? దూరము పెరిగినకొలది రోజుకు పడు తట్టలు తగ్గును. అరిగిన పారలు, కమ్మరి కూలి, గాడిదల మేత, వానకు పని నిలిచిన దినములు, మరల పని దొరకువరకు నడచిన దారి, అన్నియు ఆ ఒక్క ధరలోనే గిట్టవలెను.

లోతునకు సాక్షిగా గుంట నడుమ ఒక మట్టిదిమ్మను త్రవ్వక విడుతురు. దానిపై గడ్డి చెదరకున్న అది పాత నేలయే యని గురుతు. (పిడికెడు మన్ను పోసిన కొలత పెరుగును గదా!)

1948 నాటి కనీస వేతనాల చట్టము కొలతకూలికి గూడ కనిష్ఠము నిర్ణయించు వీలు కల్పించినది. మాకు నొప్పి కలిగించునది వేరొకటి. కొలతల పుస్తకములో ఘనపుటడుగులు ఎక్కెను, జట్టుపెద్ద పేరు ఎక్కెను. తట్ట మోసిన ఇల్లాలికి వేరుగా ఒక వరుస లేదు.