ఆంగ్ల సాహిత్య రచనాబోధనము (నల్లగొండ, మహబూబ్‌నగర్)

ఆంగ్ల సాహిత్య రచనాబోధనము నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉన్నత పాఠశాలలయందు తృతీయభాషయను పేరున గద్యపద్యపఠనమును, స్వయంరచనాభ్యాసమును కలిపి నడచు పాఠ్యక్రమము. నిజాం పాలనలో బోధనామాధ్యమము ఉర్దూయైనను, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆంగ్లమును నిర్బంధ పాఠ్యాంశముగా నిలుపుటచే, ఇంట తెలుగును బడిలో ఉర్దూను వాడు బాలునకు అది మూడవ భాషయయ్యెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశావతరణానంతరము తెలుగు మాధ్యమము విస్తరిల్లెను. 1958లో హైదరాబాదున వెలసిన కేంద్ర ఆంగ్ల సంస్థ ఉపాధ్యాయ శిక్షణకు ఆలంబనమయ్యెను. తెలంగాణ పదవ తరగతి వాచకమున 8 విభాగములు, ఒక్కొక్కదాన మూడేసి పాఠములు కలవు. పాఠము ముగిసిన పిమ్మట విద్యార్థి అందలి పాత్ర మనోగతమును దినచర్యగా వ్రాయును, కథాఘట్టమును సంభాషణగా మార్చును, లేఖను ఉపన్యాసమును కూర్చును. కంఠస్థవ్యాసము కాక ఈ స్వతంత్రరచనయే ఈ క్రమమునకు ప్రాణము. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 8వ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది.