చెరగని గుర్తులు



వడ్రంగి పనిచేయుచోట కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి తేటపడును. కోతకు ముందు గుర్తు పెట్టవలెను. గుర్తు చెదరినచో కొలత చెడును. కురుచగా కోసిన దూలమును మరల పొడుగు చేయు విద్య యెవ్వరికిని లేదు. వడ్రంగి కావిలో తడిపిన నూలుత్రాడును బిగలాగి దుంగపై కొట్టును. ఆ గీత రంపము నడచువఱకు నిలిచిన చాలును. అంతకన్న చిరకాలము నిలువవలసిన గుర్తుల ముచ్చట నేడు మనవి చేయుదును.

1873వ సంవత్సరమున కన్నింగుహాము దొర మధ్యభారతమందలి భార్హుతులో నొక ప్రాచీన బౌద్ధస్తూపపు శిథిలములను కనుగొనెను. అచ్చటి దానశాసనములు బ్రాహ్మీలిపిలో నున్నవి. కాని తూర్పు తోరణపు చిన్నకంబములపై మాత్రము కొన్ని ఖరోష్ఠీ అక్షరములు కానవచ్చినవి. ఖరోష్ఠి వాయవ్యదిక్కున గాంధారప్రాంతమున వాడుకలో నుండిన లిపి. కుడినుండి యెడమకు వ్రాయబడునది. ఇవి శిల్పులు తమ పనికొఱకు పెట్టుకొన్న గుర్తులు. తోరణము నిలిచిన నాడే వాని యక్కఱ తీరినది. అయినను ఆ పనివారిలో కొందఱు ఎంతదూరమునుండి వచ్చిరో మనకు చెప్పుచున్నవి యవియే.

రాతికి ఉలి చాలును. బట్టకు ఉలి పనికిరాదు గదా! చాకిరేవున ఊరివారి బట్టలన్నియు కలిసి ఉబ్బకు పోవును, ఒకే బండపై దెబ్బలు తినును. ఎవరి పంచె యెవరిదో తెలియకున్న తగవు తప్పదు. నష్టము రజకుని నెత్తిపై పడును. మామూలు సిరా చౌడునీటికి ఆగదు. అతనిని ఆదుకొన్నది మన అడవులలోని నల్లజీడిచెట్టు. (పోర్చుగీసువారి వెంట తరువాత వచ్చిన జీడిమామిడి దానికి చుట్టమే.) ఆ గింజ పెంకులోని రసమునకు సున్నము తోడైనచో నల్లనై నూలుపోగులో నాటుకొనును. ఆంగ్లేయులు దానికి ‘మార్కింగు నట్టు’, అనగా గుర్తుల గింజయనియే పేరు పెట్టిరి.

అది మేనికి తగిలిన పొక్కులు లేచునని మన పల్లెలలో తెలియనివారు అరుదు. పరదేశీయులకు మాత్రము తెలియలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇచ్చట విడిసిన అమెరికా సైనికులలో కొందఱికి దురదపుండ్లు పుట్టెను. బట్టపై చాకలిగుర్తు తాకుచోటనే పుండు లేచుచున్నదని వారి సేనావైద్యులు 1943లో ప్రకటించిరి. చెరగని గుర్తుకు ఇదియొక వెల.

ఐరోపాలో అదే పనికి వెండిని నత్రికామ్లమున కరగించి చేసిన సిరా వాడిరి. వెలుతురు సోకి యది నల్లబడును. 1962నాటి సార్వత్రిక ఎన్నికలనుండి మన వ్రేలిపై పెట్టుచున్న చుక్కయు ఆ జాతిదే. 1937లో మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరు స్థాపించిన కార్ఖానాలో అది తయారగుచున్నది. కడిగిన పోదు, గోరు పెరిగి పోవలసినదే.

ఇనుముతో పనిచేయువారు మఱియొక త్రోవ పట్టిరి. మైలుతుత్తము కరగిన నీటిని మెరుగుపెట్టిన ఇనుముపై పూసినచో రాగి పలుచని పొరగా దిగును. ఆ యెఱ్ఱని పొరపై ఉక్కుసూదితో గీచిన గీత తళుక్కున మెఱయును. పిమ్మట గీతవెంబడి పంచితో చుక్కలు కొట్టుదురు. పొర చెరిగినను చుక్క నిలుచును. నా మట్టునకు కర్మశాలలో పుట్టిన యుపాయములలో దీనికి సాటివచ్చునది తక్కువ.

ఇక నేటి మార్కరుకలము. 1910లోనే అమెరికాలో లీ న్యూమను ఉన్నిమొన గల కలమునకు పేటెంటు పొందెను. 1953లో సిడ్నీ రోసెంతాలు సిరాబుడ్డికి ఉన్నివత్తి నమర్చి ‘మ్యాజిక్ మార్కరు’ అని అమ్మెను. నేడవి కిరాణాదుకాణములలోను దొరకును. పైన ‘పర్మనెంటు’ అని యుండును. ఆ మాట నీటివఱకే నమ్మదగినది. సాధారణపు మార్కరులో నుండునది స్పిరిటువంటి ద్రవమున కరగిన రంగు. మరల స్పిరిటు తగిలిన కరగును, ఎండకు వెలసిపోవును. ఆరుబయట నుంచు వస్తువునకు రంగుపొడి కలిసిన పెయింటుమార్కరు మేలు. జిడ్డుపై ఏదియు పట్టదు, ముందు తుడువవలెను. వెల్డింగు చేయుచోట సిరా మాడిపోవును గనుక బలపపురాతితో గీయుదురు.

మోటారును చుట్టింపునకు పట్టణము పంపు రైతులు దీనిని గమనింపవలెను. షాపులో ఒకేవిధమైన మోటారులు పది యుండును. మార్కరుతో వ్రాసిన పేరు థిన్నరుతో తుడిచిన క్షణమున మాయమగును. అప్పగించుటకు ముందే పైడొప్పపై ఒక మూల అంకెల పంచితో గుర్తు కొట్టించి, ఆ అంకెను రసీదులోను వ్రాయించుకొనవలెను.